ఆదివారం ఏడింటికి తెగిన తీగ

"చెట్టు మీద ఎవరండీ? కోతా, మనిషా?"

కింద నుంచి ఆ గొంతు వినగానే రాజరత్నం కొబ్బరిచెట్టును ఇంకాస్త గట్టిగా వాటేసుకున్నాడు.

"మనిషినేనండి. కేబుల్ రత్నాన్నండి."

"కోతి అయినా బాగుండేది. దిగండి ముందు. ఈ చెట్టు ఎవరిదో తెలుసా?"

తెలుసు. తెలిసే ఎక్కాడు. అందుకే వాడి కాళ్ళు మట్టల కంటే ఎక్కువ ఊగుతున్నాయి.

ఆ చెట్టు జ్ఞానప్రకాశం గారిది. కడియంలో పెద్ద నర్సరీ ఆయనది. మా లూథరన్ చర్చికి సంఘ పెద్ద కూడా ఆయనే. ఆయన గొంతు సంగతి మీకు తెలీదు. ప్రార్థన ముగించి "ఆమేన్" అన్నారంటే చర్చి మీది పావురాలు లేచి, ధవళేశ్వరం ఆనకట్ట దాటాక గానీ మళ్ళీ వాలేవి కావు. నవ్వకండి. వాటి వెనకాలే సైకిలేసుకుని వెళ్ళి చూసొచ్చినవాణ్ణి నేను.

అలాంటి మనిషి, ఊళ్ళోకి కేబుల్ వచ్చిన కొత్తల్లోనే చర్చిలో లేచి చెప్పేశారు. "ఆ తీగ నా గుమ్మంలోకి కాదు కదా, నా చెట్టు మీదుగా కూడా పోవడానికి వీల్లేదు!" ఆయన నడుముకి ఎప్పుడూ అంటుకత్తి ఉండేది. దాంతో గులాబీ కొమ్మలు తప్ప ఇంకేమీ కోసి ఎరుగరు. కానీ చూసేవాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

"వీరమ్మ గారి కోసం ఎక్కానండి," అన్నాడు రత్నం. "మీ వెనకింటి ముసలావిడే. మంచం మీంచి లేవలేని మనిషి కదండీ. టీవీలో బొమ్మ చుక్కలు చుక్కలుగా వస్తోందని కబురు మీద కబురు. రోడ్డు చుట్టూ తిప్పి లాగితే దూరం ఎక్కువై బొమ్మ నీరసపడిపోతోందండి. ఇదైతే దగ్గరి దారి. పెద్దయ్యగారు ఏమీ అనరు, ఎక్కరా అని ఆవిడే అన్నారండి."

"ఆవిడకి మతి పోయినట్టుంది. మా నాన్న సంగతి మీకు తెలీదు."

"తెలుసండి. మీ సంగతే ఆయనకు తెలీదనుకుంటా."

కింద నీళ్ళ పైపు పట్టుకుని నిలబడ్డ పిల్ల మొహం తెల్లబడింది. ఆ పిల్ల పేరు తబిత. రాజమండ్రిలో డిగ్రీ చదువుతోంది.

"ఏం... ఏం చూశారు మీరు?"

"ఏమీ చూడలేదండి. మొక్కల నీడకి కట్టిన ఆ పచ్చ వల వెనకాల, క్రోటన్ కుండీల మధ్య మీరు తిరగడం నేను చూడలేదండి. టీవీలో 'అడుగుల పందెం'లో పోయిన వారం ఒంగోలు కుర్రాడు వేసిన తిరుగుడు కంటే మీదే బాగుండడం అస్సలు చూడలేదండి."

తబిత పైపు ఎత్తింది. నీళ్ళు సర్రున పోయి రత్నం మొహం మీద పడ్డాయి. అంతలో గేటు దగ్గర దగ్గు వినపడింది.

"నాన్న! కదలకండి. మీకు దణ్ణం పెడతాను, ఊపిరి కూడా పీల్చకండి."

జ్ఞానప్రకాశం గారు తిన్నగా వచ్చి ఆ చెట్టు కిందే పీట వేసుకుని గులాబీలకు అంటు కట్టడం మొదలెట్టారు. పైన రత్నం. రత్నం మీద ఎర్రచీమలు. కింద తబిత, ఎండిన మొక్కను వదిలేసి తడిసిన మొక్కకే నీళ్ళు పోస్తోంది. చీమ కుట్టిన చోటల్లా వాడు పళ్ళు బిగించాడు. వాడు పళ్ళు బిగించినప్పుడల్లా ఆ పిల్ల కళ్ళు మూసుకుంది.

ఆ రోజు ఇద్దరికీ ఒకే భయం పట్టుకుంది. ఒకే భయాన్ని ఇద్దరు కలిసి మోస్తే కొన్నాళ్ళకి దానికి వేరే పేరొస్తుంది. ఈ వయసులో ఆ పేరు రాయాలంటే నాకు సిగ్గు.

*

'అడుగుల పందెం' అంటే ఈ కాలం పిల్లలకి చెప్పాలి. రెండువేల నాలుగు ప్రాంతంలో టీవీలో ప్రతి ఆదివారం సాయంత్రం ఏడింటికి వచ్చే డాన్సు పోటీ. అది వచ్చేటప్పుడు కడియం రోడ్డు మీద మొక్కల లారీలు ఆగిపోయేవి. మా కాలవలో బాతులు కూడా ఒడ్డుకొచ్చి కిటికీల వైపు మెడలు చాపేవి. యాంకరమ్మ ఒక వారం కట్టిన చీర అంచు, పై వారానికల్లా ఉప్పాడ మగ్గం మీద కనపడేది. పెళ్ళి ఊరేగింపులో బ్యాండువాళ్ళు అవే అడుగులేసేవారు. చివరికి మా చర్చి ఆరాధన కూడా ఆరున్నర నుంచి అయిదింటికి జరిగిపోయింది. "ముసలివాళ్ళు వెలుగుండగానే ఇల్లు చేరాలి కదా" అని సంఘంలో తీర్మానం పెట్టింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ జ్ఞానప్రకాశం గారే. అబ్బ, ఎంత దయగల మనిషి అనుకున్నాం అందరం.

తబిత ఇంట్లో టీవీ లేదు. ఆదివారం ఏడింటికి ఆ పిల్ల గడప దాటడానికి లేదు. ఈ సంగతి తెలిశాక, రత్నం లోకల్ ఛానల్లో ఒక ప్రకటన వెయ్యడం మొదలెట్టాడు. "ప్రజల కోరికపై 'అడుగుల పందెం' సోమవారం మధ్యాహ్నం మరోసారి." సోమవారం మధ్యాహ్నం జ్ఞానప్రకాశం గారు లారీలకు మొక్కలు ఎక్కించే పనిలో ఉంటారు. ఆ వేళకి తబిత కాలేజీ నుంచి వచ్చి, వీరమ్మ గారికి మందు పోసే వంకతో వాళ్ళింట్లో కూర్చునేది.

"ఏ ప్రజలు కోరారండీ?" అని ఒకసారి దారిలో అడిగింది.

"చాలామందండి," అని రత్నం సైకిలు తొక్కేశాడు, చైను ఊడిపోయిన సంగతి కూడా చూసుకోకుండా.

*

తర్వాత ఆ పోటీవాళ్ళు రాజమండ్రి వచ్చారు. పగటిపూట ఓ హాల్లో షూటింగ్. కాలేజీ స్నేహితురాళ్ళు తోస్తే తబిత స్టేజీ ఎక్కేసింది. ఆడేసింది. ఇంటికొచ్చాక గానీ ఒళ్ళు వణకలేదు.

శనివారం సాయంత్రం మిల్లు మీది కేబుల్ గదికి వచ్చింది. మూతపడ్డ రైసు మిల్లు అది. పైకి ఇనప మెట్లు. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"రేపు వేస్తారట. నన్ను."

రత్నం మొహం వెలిగిపోయింది. "మన కడియం పిల్ల టీవీలోనా! ఊరంతా..."

"ఊరంతా చూస్తుంది. చూసి తెల్లారేసరికి మా నాన్నకి చెబుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో తెలుసా? సామర్లకోట నుంచి సంబంధం వచ్చి ఉంది. వాళ్ళింట్లో గట్టిగా నవ్వడం కూడా తప్పేనట. ఇది తెలిస్తే నాన్న నా చదువు మాన్పించి, వచ్చే నెలలోనే అక్కడికి పంపేస్తారు. ఇక డాన్సు లేదు, కాలేజీ లేదు, సోమవారాలు లేవు."

సోమవారాలు లేవు అన్న మాట దగ్గర ఇద్దరూ నేల చూశారు.

"నన్నేం చెయ్యమంటారండి?"

"తీగ పీకెయ్యండి. రేపు ఏడు నుంచి ఎనిమిది దాకా."

రత్నానికి గేదె గుర్తొచ్చింది. కిందటేడు ఓ గేదె స్తంభానికి వీపు గోక్కుంటే పందెం మధ్యలో కాసేపు బొమ్మ పోయింది. మా వీధి సత్యకుమారి గారు రోకలి పట్టుకుని బయల్దేరారు. ఆవిణ్ణి చూసి ఆ గేదె పరుగో పరుగు, కాకినాడ దాకా పోయి సముద్రం అడ్డొస్తే ఆగిందట. ఇప్పుడు చెప్పుకోవడానికి గేదె కూడా లేదు.

"నన్ను చంపేస్తారండి."

"నన్ను కూడా."

వాడు గోడకున్న ప్లగ్గు వంక చూశాడు. "ఆయ్. పీకేస్తానండి," అన్నాడు.

*

ఆదివారం మధ్యాహ్నం నుంచే వర్షం. సన్నగా, జల్లెడ పట్టినట్టు, గోదారి జిల్లా వాన ఎలా ఉంటుందో అలా. ఆరాధనలో జ్ఞానప్రకాశం గారి ప్రార్థన ఆ రోజు ఎందుకో పొట్టిగా ముగిసింది. పావురాలు వేమగిరి దాకా పోయి తిరిగొచ్చేశాయి. ఆయన అలవాటు ప్రకారం గొడుగేసుకుని, మంచాన ఉన్న వీరమ్మ గారికి ప్రార్థన చెయ్యడానికి వెళ్ళారు. ప్రతి ఆదివారం వెళతారు. గంటకి తక్కువ ప్రార్థన చెయ్యరు.

తబిత చర్చి పాటల ప్రాక్టీసని తల్లికి చెప్పి, చున్నీ నెత్తిన కప్పుకుని మిల్లు మెట్లెక్కింది.

"మీరెందుకొచ్చారండి?" రత్నం హడలిపోయాడు.

"నేను ఎలా చేశానో నేను చూసుకోవద్దా? ఊళ్ళో ఇవాళ బొమ్మ వచ్చేది ఈ ఒక్క టీవీలోనే కదా."

ఏడయింది. రత్నం ఊరికి బొమ్మ పంపే యాంప్లిఫయర్ ప్లగ్గు పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. పీకేశాడు.

వాన చప్పుడులోంచి ఊరు మొత్తం "హా!" అనడం వినపడింది. ఒక్క గొంతుతో అంది. అంత ఐకమత్యం మా ఊళ్ళో దానికి ముందూ లేదు, తర్వాతా లేదు.

గదిలో చిన్న టీవీ మాత్రం వెలుగుతోంది. ఇద్దరు ముగ్గురు పిల్లల డాన్సులు అయ్యాయి. తబిత గోళ్ళు కొరుకుతోంది. రత్నం టీవీని చూడడం మానేసి ఆ టీవీ వెలుగు పడే చెంపను చూస్తున్నాడు.

ఠంగు. ఠంగు. ఇనప మెట్ల మీద అడుగులు. సగం దాకా వచ్చి ఆగాయి. చాలాసేపు ఆగాయి. తర్వాత ఒక దగ్గు.

తబిత ఆ దగ్గును గుర్తుపట్టింది. "నాన్న," అంది, పెదవులతోనే. తీగల చుట్టల వెనక్కి దూరి, మోకాళ్ళలో తల పెట్టుకుంది.

తలుపు తీసుకుని జ్ఞానప్రకాశం గారు లోపలికొచ్చారు. గొడుగులోంచి నీళ్ళు. నడుముకి కత్తి.

"వందనాలండి పెద్దయ్యగారూ," అన్నాడు రత్నం. చేతులు జోడించాడు గానీ అవి ఒకదాన్నొకటి కలుసుకోవడం లేదు.

"వీరమ్మ గారి టీవీలో బొమ్మ పోయిందిరా."

"ఆయ్."

"మంచాన ఉన్న మనిషి. పాపం ఒకటే గోల."

"ఆయ్."

"ఎందుకు పోయింది?"

"వర్షమండి. గేదె కూడానండి."

"వర్షమా, గేదా?"

"వర్షంలో గేదండి."

"మరి ఇక్కడ వస్తోందే?"

రత్నం టీవీ ఆపెయ్యబోయాడు.

"చెయ్యి తియ్యి." ఆయన తీగ డ్రమ్ము లాక్కుని కూర్చున్నారు. గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నారు. గొంతు తగ్గించి అడిగారు. "ఒంగోలు కుర్రాడిది అయిపోయిందా?"

రత్నం ప్రాణం ఒక్క క్షణం ఆగి, దారి తప్పి, మళ్ళీ వచ్చింది.

"అయి... అయిపోయిందండి."

"కాలు తడబడ్డాడా? పోయిన వారం ఎడమ కాలు తేలిపోయింది వాడికి. బొమ్మ నిండా చుక్కలైనా నేను పట్టేశాను."

అప్పుడు వెలిగింది మావాడి బుర్ర. గంటసేపు సాగే ఆదివారం ప్రార్థన. అయిదింటికి జరిగిన ఆరాధన. కొబ్బరిచెట్టు ఎక్కరా, ఆయన ఏమీ అనరు అన్న వీరమ్మ గారు. ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా పది నోళ్ళు ఉంటాయి. మంచం దిగలేని ముసలావిడ ఎవరికి చెబుతుంది? ఊరంతటికీ బొమ్మ లేకుండా చేసి, ఎవరి కంట పడకూడదో ఆయన్నే ఉన్న ఒక్క టీవీ ముందుకి లాక్కొచ్చాడు తను!

సంతోషించడానికి మాత్రం వ్యవధి లేదు. టీవీలో యాంకరమ్మ నవ్వుతూ అంది. "ఇప్పుడు, కడియం పూలతోటల నుంచి... తబిత!"

ఆయన కదల్లేదు. రత్నం చూపు కత్తి మీంచి కదల్లేదు.

తెర మీద పిల్ల ఆడుతోంది. సినిమా గెంతులు కావవి. నెత్తిన కుండీ పెట్టుకుని గట్ల మీద నడిచే నడక. లారీ కింద వరస కట్టి మొక్క అందుకుని మొక్క అందించే చేతులు. నీళ్ళ పైపు విసురు. చివరికి నేల మీద కూర్చుని, ఎడమ చేతి చూపుడు వేలు కొమ్మలా నిలబెట్టి, కుడి చేత్తో దాని చుట్టూ ఏదో చుట్టింది. మెల్లగా, గట్టిగా, మళ్ళీ మెల్లగా. చివర బొటనవేలితో నొక్కి వదిలింది.

డాన్సు అయిపోయింది. వాన వినపడుతోంది. జ్ఞానప్రకాశం గారు తన కుడి చెయ్యి ఎత్తి చూసుకుంటున్నారు.

"చూశావురా ఆ చెయ్యి?" అన్నారు. పావురాలను లేపే గొంతు కాదది. "అంటు కట్టాక పట్టీ చుట్టే చెయ్యి. ఆ బొటనవేలి నొక్కు నాది. పిల్లప్పుడు నా పక్కనే పీటేసుకుని కూర్చునేది. నేను నేర్పలేదు. చూసి పట్టేసింది."



"తబితా," అన్నారాయన, వెనక్కి తిరక్కుండానే. "ఆ తీగలు దులిపి ఏడాదైనట్టుంది. తుమ్మొస్తే తుమ్ము. ఆపుకోకు."

వెంటనే తుమ్ము. ఆ వెనకే ఏడుపు.

"నీ చెప్పులు బయట తడిసిపోతుంటే లోపల పెట్టాను, చూసుకో. వాటిని చూసే మెట్ల మీద ఆగిపోయా. లోపలికొస్తే నువ్వు దొరుకుతావు. నేనూ దొరికిపోతాను. వెనక్కి పోదామంటే... ఏడు దాటిపోయింది." ఆయన మొహం తుడుచుకున్నారు. "సంఘమంతటికీ వద్దని చెప్పినవాణ్ణి. నా పిల్ల ముందు ఏ మొహంతో నిలబడాలా అని నాకే భయమేసిందే."

"నాన్నా, నన్ను సామర్లకోట పంపకండి."

ఆయన జవాబు చెప్పేలోపే మిల్లు కింద గొంతులు. అన్నిటికంటే పైన సత్యకుమారి గారిది. "ఒరే రత్నం! నువ్వు దిగుతావా, మమ్మల్ని ఎక్కమంటావా? రోకలి కూడా తెచ్చాను!"

తబిత తండ్రి చెయ్యి పట్టుకుంది. "నాన్నా, వీళ్ళకి తెలిస్తే..."

"ప్లగ్గేది?" అన్నారు జ్ఞానప్రకాశం గారు.

"ఇదుగోనండి."

"పెట్టు. మార్కులు చెప్పబోతున్నారు. నా కూతురి మార్కులు ఊరు చూడొద్దురా?" అని, తనే గుమ్మంలోకి వెళ్ళి కిందికి అరిచారు. "ఇళ్ళకి పొండి! బొమ్మ వచ్చేసింది! మా అమ్మాయి ఆడింది, చూడండి!"

ఈసారి పావురాలు ఎంతదూరం పోయాయో నేను చూడలేదు. నేనూ ఇంటికి పరిగెడుతున్నాను. సత్యకుమారి గారు నాకంటే ముందున్నారు, రోకలితో సహా.

మార్కులు పెద్దగా రాలేదు. పిల్ల పై రౌండుకి పోలేదు. "ఆ మార్కులేసే కళ్ళజోడాయన ఎప్పుడైనా అంటు కట్టాడా? ఆయనకేం తెలుసు?" అని మా సంఘ పెద్ద వేసిన కేక మాత్రం టీవీవాళ్ళకి వినపడే ఉంటుంది. కానీ ఆ చివరి చుట్టు మా ఊళ్ళో ఉండిపోయింది. ఇప్పటికీ క్రిస్మస్ ప్రోగ్రాంలో చంటిపిల్లలు కూడా చూపుడు వేలు నిలబెట్టి చుట్టు చుడతారు. ఎక్కడిదో వాళ్ళకి తెలీదు.

ఆ రాత్రి గొడుగు విప్పి కూతుర్ని కిందికి తీసుకెళుతూ, ఆయన మెట్ల మీద ఆగారు.

"ఏరా, ఊరి చేత తన్నులు తినడానికి సిద్ధపడి తీగ పీకావే, ఎవరి కోసం?"

రత్నం బాగానే ఉన్న ప్లగ్గును మళ్ళీ గట్టిగా నొక్కాడు. 

"రేపు పొద్దున్న నా చెట్టు కింద కనపడు."

*

పొద్దున్న వెళ్ళేసరికి కొబ్బరిచెట్టుకి నిచ్చెన వేసి ఉంది. పక్కన పీట మీద ఆయన. చేతిలో కత్తి. రత్నం గేటు దగ్గరే ఆగిపోయాడు.

"తీగ తెచ్చావా?"

"ఏ తీగండి?"

"ఏ తీగేంటిరా? వీరమ్మ గారి బొమ్మ చుక్కలు పోవాలా వద్దా? అటు పోతూ పోతూ మా ఇంట్లోకి కూడా ఒకటి దింపు. రాత్రే మా ఆవిడకి చెప్పేశాను. ఎక్కు."

వాడు ఎక్కాడు. చీమలు పాత చుట్టాన్ని గుర్తుపట్టాయి. ఆయన అంటు కట్టిన కొమ్మలు చూసుకుంటూ మొక్కల్లోకి వెళ్ళిపోయారు. నీళ్ళ పైపుతో తబిత వచ్చింది.

"సామర్లకోట వాళ్ళకి నాన్న ఫోన్ చేసి వద్దని చెప్పేశారు."

"మంచిదండి," అన్నాడు రత్నం. చేతిలో తీగ జారింది, పట్టుకున్నాడు.

"ఇప్పుడైనా చెప్పండి. సోమవారాలు మరోసారి వెయ్యమని ఏ ప్రజలు కోరారు?"

పైన గాలి. మట్టల మీంచి నిన్నటి వాన చినుకులు రాలుతున్నాయి.

"ఎవరూ కోరలేదండి. ఒక్కరు చూస్తారని వేశానండి. ఆ ఒక్కరు చూస్తున్నారంటే నాకు ఆ సోమవారమంతా... ఇంక దిగాక చెబుతానండి. ఇక్కడ చీమలున్నాయి."

"అక్కడే చెప్పండి. దిగితే మీకు నోరు రాదు."

"మీరంటే నాకు ప్రాణమండి," అన్నాడు, కొబ్బరిచెట్టుని కావిలించుకుని.

తబిత పైపు ఎత్తింది. నీళ్ళు సర్రున పోయి వాడి మొహం మీద పడ్డాయి. ఈసారి వాడు కళ్ళు మూసుకోలేదు. నీళ్ళ వెనక ఆ పిల్ల నవ్వు కనపడుతోంది మరి.

"అయిందా?" గులాబీల వెనక నుంచి జ్ఞానప్రకాశం గారు లేచారు. ఆయన అసలు దూరం పోనేలేదు. ఇద్దరూ కొయ్యబారిపోయారు. ఆయన చెట్టు కిందికొచ్చి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశారు.

"గట్టిగా కట్టరా. తుఫానొచ్చినా, నువ్వు రేపు మా అల్లుడివైనా, ఆదివారం ఏడింటికి మాత్రం బొమ్మ కదలకూడదు."